కొరింథులో పౌలు తీసుకోని జీతం

తెలుగు సంఘాల బిషప్పులకు, కన్వెన్షన్ల అధ్యక్షులకు, సొంత పరిచర్యలు స్థాపించి నడుపుతున్న దైవజనులకు,



ఈ మధ్య మన కూటాల్లో సువార్త అనే మాట ఎంతగా వినిపిస్తోందో హక్కు అనే మాటా అంతే వినిపిస్తోంది. సభకు పోలీసులు అనుమతి ఇవ్వకపోయినా, కరపత్రాలు పంచుతుంటే ఎవరైనా అడ్డుకున్నా, మందిరం మీద మైకు దించమన్నా మన నోట వచ్చే మొదటి మాట అదే. రాజ్యాంగంలో 25వ అధికరణం ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు కూడా యోహాను 3:16 పక్కనే కంఠతా ఉంది. దాన్ని తప్పు పట్టను. దెబ్బలు తిన్నవాళ్లు, చేతిలోని బైబిలు లాక్కుంటే చూస్తూ నిలబడిపోయినవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లకు ఆ అధికరణమే ఆసరా. అయితే ఉన్న హక్కును ఎప్పుడు వాడాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి, పక్కన పెట్టాల్సింది ఎవరు అన్న సంగతి మనలో ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. విశ్వాసులందరికీ రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, పక్కన పెట్టడానికి మీ దగ్గర ఎంతో కొంత ఉంది.

ముందు ఆ అధికరణం సంగతే చూద్దాం. మతాన్ని అవలంబించే, ఆచరించే స్వేచ్ఛతో పాటు ప్రచారం చేసుకునే స్వేచ్ఛ కూడా అందులోకి ఊరికే వచ్చి చేరలేదు. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభలో దాని మీద గట్టి వాదనే జరిగింది. ఒడిశా సభ్యుడు లోక్‌నాథ్ మిశ్రా దాన్ని వ్యతిరేకించారు. ఉంచాలన్నవాళ్లలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి, ఎల్. కృష్ణస్వామి భారతి ఉన్నారు. ముగ్గురూ హిందువులే. క్రైస్తవులకు ప్రకటించడం అనేది విశ్వాసంలోనే భాగమనీ, మైనారిటీలతో ఒకసారి కుదిరిన సయోధ్యను మళ్లీ తిరగదోడవద్దనీ మున్షీ వాదించారు. మనం ఈనాడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకునే హక్కును ఆ రోజు నిలబెట్టినవాళ్లలో పొరుగు విశ్వాసం వాళ్లున్నారు.

మరుసటి ఏడాది మే నెలలో ఇంకొకటి జరిగింది. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు, బెంగాలీ క్రైస్తవుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ, చట్టసభల్లో మత మైనారిటీలకు సీట్లు కేటాయించే ఏర్పాటు ఇక వద్దని సలహా సంఘంలో తీర్మానం పెట్టారు. అంతకు చాలా ముందే, 1930లలో, దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని అన్నారు. సంఘం ఓటర్ల జాబితాగా మారిపోతుందనీ, ప్రతి బాప్తిస్మాన్నీ జనం ఓట్ల లెక్కలో చూస్తారనీ ఆయన భయం. రాసుకున్న బేరం ఏదీ లేదు గానీ, ప్రచార హక్కు సంపాదించి పెట్టిన తరమే సీట్ల హక్కును వదిలేసింది. ఈ రెండింటినీ కలిపి చదవడం మనం మానేశాం. (ఆ వదిలేసిన పెద్దమనుషుల్లో మాలపల్లె, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు ఎందరు అన్న ప్రశ్న ఒకటి ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.)

ఇక పౌలు దగ్గరికి.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం మీద మీలో ప్రతి ఒక్కరూ ఎన్నోసార్లు ప్రసంగించే ఉంటారు. మా బెంచీ నుంచి చూస్తే ఆ ప్రసంగం ఎక్కువగా కానుకల ఆదివారం వస్తుంది, పద్నాలుగో వచనం దగ్గర ఆగిపోతుంది. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లనే బతకాలని ప్రభువు నియమించాడన్న చోటు అది. పదిహేనో వచనం ఆ ఆదివారానికి పనికి రాదు. ఇవేవీ నేను వాడుకోలేదు, వాడుకోవాలని ఇప్పుడు రాయడమూ లేదు అని పౌలు చెప్పేది అక్కడే.

ఆ అధ్యాయం నడక చూడండి. పౌలు ఆరితేరిన వకీలులా కేసు కడతాడు. సొంత ఖర్చుతో యుద్ధానికి వెళ్లే సైనికుడు ఉన్నాడా, ద్రాక్షతోట వేసి పండు తిననివాడు ఉన్నాడా, మంద కాచి పాలు తాగనివాడు ఉన్నాడా అని అడుగుతాడు. నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దన్న మోషే ధర్మశాస్త్రాన్ని తెస్తాడు. దేవాలయంలో పని చేసేవాళ్లకు బలిపీఠం నుంచి వాటా వస్తుందంటాడు. కేఫా, ప్రభువు సహోదరులు భార్యలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు, సంఘాలు పోషిస్తున్నాయి, నేనూ బర్నబా మాత్రమే చేతిపని చేసుకు బతకాలా అని నిలదీస్తాడు. ఏ కోర్టులోనైనా గెలిచే కేసు. గెలిచాక డిక్రీ అమలు చేయించుకోనంటాడు. హక్కు లేదని ఎవరూ అనకుండా ముందు దాన్ని తిరుగులేకుండా రుజువు చేసి, ఆ తర్వాతే వదిలాడు. లేని హక్కును వదులుకోవడంలో గొప్పేమీ లేదని ఆయనకు తెలుసు.

ఎందుకు వదిలాడు? ఆ ఊరు తెలిస్తే కారణం తెలుస్తుంది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ కట్టించిన రోమన్ కాలనీ కొరింథు. రెండు వైపులా రెండు రేవులు, వ్యాపారం, దగ్గరలోనే క్రీడోత్సవాలు, బానిసత్వం నుంచి బయటపడి కొత్తగా డబ్బు చేసుకున్న కుటుంబాలు. వాక్చాతుర్యం అమ్ముకునే పండితులు అలాంటి ఊళ్లకు వచ్చి, ధనవంతుడి ఇంట దిగి, రుసుము తీసుకుని పాఠం చెప్పేవారు. ఎవరి అన్నం తింటే వారి మనిషి. పౌలు ఆ వరుసలో నిలబడదలచుకోలేదు. రోము నుంచి క్లౌదియ చక్రవర్తి వెళ్లగొట్టిన యూదుల్లో ఉన్న అకుల, ప్రిస్కిల్లల ఇంట దిగి, వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. చేతిపని పెద్దింటివాళ్లకు నామోషీ అయిన లోకం అది. అందుకే కొరింథు పెద్దలు దీన్ని త్యాగంగా చూడలేదు, అవమానంగా చూశారు. మా డబ్బు పనికి రాలేదా అని అలిగారు. రెండో పత్రికలో పౌలు పదకొండు, పన్నెండు అధ్యాయాల్లో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. జీతం తీసుకోనందుకు సంజాయిషీ! మన సంఘ చరిత్రలో అలాంటి కమిటీ మీటింగు ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు.

ఇంకో సంగతి సాధారణంగా ప్రసంగాల్లోకి రాదు. కొరింథులో వద్దన్న పౌలు ఫిలిప్పీ నుంచి తీసుకున్నాడు. మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు నా లోటు తీర్చారని కొరింథువాళ్లకే రాశాడు. అంటే ఆయన కొరింథు జీతం వదులుకోగలగడం వెనుక డేరాల సూదితో పాటు ఫిలిప్పీ కానుక కూడా ఉంది. ఒక ఊరి సంఘం పంపితేనే మరో ఊళ్లో ఉచితంగా చెప్పడానికి వీలైంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని అవసరం పడుతుంది.

అదే ఫిలిప్పీలో ఆయన తన హక్కును వదలకుండా పట్టుబట్టిన సందర్భమూ ఉంది. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేసిన అధికారులు, తెల్లారేసరికి గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పెట్టారు. పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలి అన్నాడు. నా ఉద్దేశంలో ఆ పట్టుదల తన పరువు కోసం కాదు. ఆయన ఆ రోజే ఊరు వదిలి పోతున్నాడు. ఊదారంగు బట్టల వ్యాపారి లూదియ, ఆ చెరసాల నాయకుడి కుటుంబం అక్కడే ఉండిపోతారు. అధికారులు వచ్చి బతిమాలి పంపించారన్న సంగతి ఊరంతా తెలిస్తే, వెనక ఉండిపోయేవాళ్ల మీద చెయ్యి వేసేందుకు రేపు జంకుతారు. తన కోసమైతే వదిలేశాడు, బలహీనుడి కోసమైతే అడిగి తీసుకున్నాడు. తర్వాత యెరూషలేములో కొరడా దెబ్బల ముందు, కైసరయలో కైసరుకు చెప్పుకున్నప్పుడు ప్రాణం మీదికి వచ్చి వాడాడు, అది వేరు.

పంతొమ్మిదో శతాబ్దపు చైనాలో ఈ రెండు దారులూ కనిపిస్తాయి. మిషనరీ హడ్సన్ టేలర్ 1855లో షాంఘైలో తల ముందు భాగం గొరిగించుకుని, జడ వేసుకుని, చైనా దుస్తులు తొడిగితే సాటి తెల్లవాళ్లు నవ్వారు. దుస్తులు మారినంత సులువుగా తక్కినవి మారలేదు. 1868 ఆగస్టులో యాంగ్‌జౌ పట్టణంలో ఆయన ఉన్న ఇంటి మీద అల్లరిమూక పడి నిప్పు పెట్టింది. బ్రిటిష్ కాన్సల్ యుద్ధనౌకతో బయల్దేరి చైనా అధికారులను లొంగదీశాడు. టేలర్ తుపాకీ అడగలేదు, కానీ వచ్చిన తుపాకీ నీడలోనే ఆ ఇల్లు తిరిగి ఆయన చేతికి వచ్చింది. లండన్ పార్లమెంటులో కూడా మిషనరీల మీద నిందలు వచ్చాయి. సువార్త వెనుక ఫిరంగి ఉందని చైనావాడు అనుకుంటే అతని తప్పేముంది?

1900లో బాక్సర్ల తిరుగుబాటులో టేలర్ పెట్టిన చైనా ఇన్‌లాండ్ మిషన్‌కు చెందిన 58 మంది పెద్దలు, 21 మంది పిల్లలు చనిపోయారు. అంతకు ఎన్నో రెట్లు చైనా క్రైస్తవులు చచ్చిపోయారు. మరుసటి ఏడాది విదేశీ ప్రభుత్వాలు చైనా నెత్తిన 45 కోట్ల టేళ్ల వెండి జరిమానా మోపాయి. మిషన్‌కు అందులో న్యాయంగా వాటా వచ్చేది. వద్దన్నారు. ప్రాణాలకే కాదు, కాలిపోయిన ఇళ్లకూ తీసుకోబోమన్నారు. ఎక్కువ మంది చనిపోయిన షాన్సీ రాష్ట్రపు గవర్నరు ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంటూ ప్రకటన వేయించాడు. ముప్పై మూడేళ్లలో ఆ మిషన్ ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచిందో చూడండి.

చైనా దాకా ఎందుకంటారా? ఒంగోలు వద్దాం.

జాన్ క్లౌ దొర సంగతి మీకు తెలిసిందే. అమెరికాలో సర్వేయరుగా పని చేసి, 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు. అగ్రకులాల పిల్లలు ఆయన బడికి వస్తున్న రోజుల్లోనే మాదిగలు విశ్వాసులుగా రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దింటివాళ్లు చెప్పేశారు. పెద్దకులాల వాళ్లు ముందు వస్తే ఊరంతా వస్తుందన్నది ఆ కాలపు మిషనరీలు చాలామంది నమ్మిన లెక్క. ఆ రాత్రి క్లౌ దొర, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు దొరికిందట: కొరింథీయుల మొదటి పత్రికే, మొదటి అధ్యాయం, లోకంలో నీచులైనవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. మాదిగలను చేర్చుకున్నారు. పెద్దింటి పిల్లలు వెళ్లిపోయారు.

ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేట్టు చేశారు. బోధకులే మేస్త్రీలు, పార, గంప పక్కన పెట్టి కూర్చున్న వేళల్లో వాళ్లు వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం ఇవ్వమని జనం వెంటపడ్డారు. ఇక్కడే క్లౌ దొర చేసిన పని నాకు ఆయన జీవితంలోకెల్లా పెద్దదిగా కనిపిస్తుంది. దాదాపు పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదు, అన్నం కోసమే వచ్చినవాడు ఎవడో తెలియాలి. కరువు సాయం ఆగిపోయాకే తలుపు తీశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని.

ఆ 2,222 అంకె మనందరికీ తెలుసు. వార్షికోత్సవాల్లో చెప్పుకుంటాం, ఫ్లెక్సీల మీద వేసుకుంటాం. ఆ ముందటి పదిహేను నెలల సున్నా ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు. మిషనరీకి లెక్క చూపించుకునే హక్కు ఉంది. ఆయనకు డబ్బు పంపే అమెరికా సంఘాలు ఏటా ఎదురుచూసేది ఆ లెక్క కోసమే. కళ్లెదుట వేలమంది నిలబడి ఉండగా రిజిస్టరులో సున్నా వేసి పంపడానికి ఎంత గుండె కావాలో, నెలనెలా రిపోర్టు పంపే మీకు నేను చెప్పక్కర్లేదు. నేడు మన పరిచర్యల్లో రక్షణ పొందినవాళ్ల సంఖ్య సభ ముగిసేలోపే వేదిక మీద ప్రకటిస్తున్నాం. కొరింథులో తాను క్రిస్పు, గాయి, స్తెఫను ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికైనా బాప్తిస్మం ఇచ్చానో లేదో కూడా గుర్తు లేదని పౌలు రాసుకున్నాడు.

త్యాగాలన్నీ ఒక రకంవి కావు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1841లో దిగి, 1865లో అక్కడే కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, సెలవు మీద ఇంగ్లండు వెళ్లలేదు. అంతకన్నా ఏం వదులుకోవాలి? అయినా అగ్రకులాల వాళ్ల కోసం ఆయన నడిపిన ఆ బడిలో దళితుల పిల్లలకు చోటివ్వలేదు. తన హక్కులు వదులుకున్న ఆ మనిషే, సువార్త పేరుతో, తనవి కాని హక్కులను కూడా వదిలేశారు. నోబుల్ గారి మంచితనం మీద నాకు గౌరవమే. కానీ ఆ రెండో రకం త్యాగం మన సంఘాల్లో ఇంకా నడుస్తోంది, అందుకే గుర్తు చేస్తున్నాను.

గ్రామ పాస్టర్ సంగతి తీసుకోండి. దినకూలి విశ్వాసుల మధ్య, ఆదివారం కానుక సంచిలో పదులూ ఇరవైలూ పడే ఊళ్లో ఆయన పని. అందరూ అమ్మగారు అని పిలిచే ఆయన భార్య జీతం లేని సండే స్కూలు టీచరు, జీతం లేని నర్సు. పాస్టర్ల సదస్సు అని వీళ్లను పట్నానికి పిలిపించి మనం ఏం బోధిస్తాం? త్యాగం! చెప్పేది ఎవరు? మూడు కార్లతో వచ్చినవారు. పౌలు తొమ్మిదో అధ్యాయంలో ఒక్క పని జాగ్రత్తగా చేశాడు. తన హక్కు మాత్రమే వదిలాడు. కేఫా భార్యను తీసుకుపోవడం మానాలని అనలేదు, తిమోతి జీతం తగ్గించమని అనలేదు, బాగా పాలించే పెద్దలకు రెట్టింపు ఇవ్వమని రాశాడు. వదులుకోవడం హక్కుదారుడి చేతిలో ఉన్నంత సేపే త్యాగం. పైవాడు కిందివాడి చేత వదిలిస్తే దానికి మన ఊళ్లలో పాత పేరు ఒకటి ఉంది, వెట్టి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మొదలుపెట్టినప్పుడు పెద్ద పరిచర్యల వాళ్లు కొందరు ముక్కు మీద వేలు వేసుకున్నారు. సర్కారు జీతం తీసుకుంటే సర్కారు మనిషి అవుతాడన్నారు. మాట నిజమే, కొరింథులో పౌలు భయం కూడా అదే. ఎన్నికల ముందు ఏ పార్టీ సెమీ క్రిస్మస్‌కు ఎవరిని వేదిక ఎక్కించారో చూసినవాళ్లం. కానీ ఆ అయిదు వేలు వద్దనమని గ్రామ పాస్టరుకు చెప్పే ముందు, ఫిలిప్పీ ఎక్కడుందో చెప్పాలి. పౌలు వద్దనగలిగింది ఫిలిప్పీ పంపింది కాబట్టి. హైదరాబాదులో వేలమంది కూర్చునే మందిరాలు, విశాఖ, విజయవాడ నగర సంఘాలు, డాలస్‌లో, న్యూజెర్సీలో ఆదివారం సాయంత్రం కూడుకునే తెలుగు సంఘాలు ఆ పని చేయాలి. పంపి, అతని వేదిక మీద తమ బోర్డు పెట్టకుండా ఉండాలి. ఫిలిప్పీవాళ్లు కొరింథులో బ్రాంచి తెరిచినట్టు ఎక్కడా లేదు.

ఇంతకన్నా బరువైన చోటు ఒకటి ఉంది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర దళిత క్రైస్తవులు బీసీ-సీలో ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన పాస్టరుకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని ఒక కేసు కొట్టేసింది. చర్చికి వెళ్లేవాడని తిట్టేవాడికీ కొట్టేవాడికీ కులం గుర్తుంటుంది, కాగితానికి మాత్రం గుర్తుండదు. నేను ముందు వాయిదా వేసిన ప్రశ్న ఇదే. సీట్లు వదిలేసిన చదువుకున్న క్రైస్తవులు పోగొట్టుకున్నది తక్కువ. పల్లెలో విశ్వాసి పోగొట్టుకున్నది స్కాలర్‌షిప్పు, ఉద్యోగం, పోలీసు స్టేషనులో ఎఫ్ఐఆర్.

ఇలాంటి మనిషితో పల్పిట్ మీద నుంచి, క్రీస్తు కోసం ఎస్సీ సర్టిఫికెట్ వదులుకో, దొంగ బతుకు బతకకు అని గద్దించేవాళ్లున్నారు. అయ్యా, ఆ మాట అనే అర్హత మనలో ఎవరికుంది? కొడుకును కాన్వెంటులో చదివించుకుని, ఆ పిల్లవాడి హాస్టలు సీటు ప్రభువుకు ఇచ్చేయమనడం ఏ తొమ్మిదో అధ్యాయం? ఇక్కడ మీరు చేయాల్సింది ఫిలిప్పీ చెరసాల దగ్గర పౌలు చేసిన పని. కదలకుండా కూర్చుని అడగాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ సుప్రీంకోర్టులో 2004 నుంచి నలుగుతున్న పిటిషన్ల గురించి ఏ క్రిస్మస్ వేదిక మీద, ఏ మంత్రి పక్కన కూర్చున్నప్పుడు అడిగారు? మైకు కోసం కలెక్టరేటు ముందు ధర్నా చేసినంత గట్టిగా అడిగారా?

మైకు అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. చెన్నైలో కె.కె.ఆర్. నగర్‌లో ఒక పెంతెకోస్తు సంఘం డ్రమ్ములు, గిటార్లు, లౌడ్‌స్పీకర్లతో ప్రార్థన చేయడం తమ మత హక్కని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని కోర్టు అంది. ఒక చర్చికి ఆ సంగతి కోర్టు చెప్పాల్సి రావడం నాకు సిగ్గుగా ఉంటుంది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు ఉంది. గుళ్లు, మసీదులు పాటిస్తున్నాయా అని మీరు అడుగుతారు. పాటించకపోవచ్చు. పౌలు ఆ ప్రశ్న అడిగి ఉంటే డేరాలు కుట్టేవాడే కాదు, మిగతా పండితులు రుసుము తీసుకుంటున్నారుగా అని తనూ తీసుకునేవాడు. చట్టం ఒప్పుకునే 55 డెసిబెల్స్ కూడా పక్కింట్లో పరీక్షకు చదువుకునే అమ్మాయి కోసం తగ్గించుకునే సంఘం ఒకటి ఉంటే, ఆ వీధిలో వాళ్లు ఏ రోజైనా ఆ మందిరంలో ఏం చెబుతారో వినాలనుకుంటారు.

పాటల సంగతి రెండు మాటలే. పురుషోత్తమ చౌదరి కీర్తనలు మన ఊళ్లలో ఇన్ని తరాలు పాడుకున్నా ఎవరూ రాయల్టీ కట్టలేదు. ఇప్పుడు ఊరి క్వైరు ఒక కొత్త పాట పాడి యూట్యూబ్‌లో పెడితే మీ పరిచర్య నుంచి కాపీరైటు దావా వచ్చి పడొచ్చు. హక్కు మీదే, కాదనను.

దోర్నకల్‌లో అజరయ్య గారు ఒక పద్ధతి పెట్టారు. ఆయన తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగిన మనిషి. బాప్తిస్మం పొందినవాడు అక్కడే తన తల మీద తన చెయ్యి పెట్టుకుని, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పాలి. ఆ మాట తీసుకున్నది కూడా ఈ తొమ్మిదో అధ్యాయం నుంచే, పదహారో వచనం. చెప్పినవాళ్లలో ఎక్కువ మంది భూమి లేని కూలీలు. వాళ్లకు వేదిక లేదు, రాజ్యాంగం ఇంకా పుట్టలేదు, 25వ అధికరణం లేదు. పొలంలో పక్క సాలులో నాట్లు వేసేవాడికి చెప్పుకున్నారు. తెలుగు పల్లెల్లో ఆ మేత్రాసనం అలాగే పెరిగింది.

అయ్యగార్లూ, వచ్చే జనరల్ బాడీ సమావేశానికి మీ పరిచర్యల వార్షిక లెక్క అచ్చువేయించేటప్పుడు రెండు పద్దులు పక్కపక్కనే వేయించండి. స్టేజీ, లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, అతిథుల విమాన టికెట్లు ఒకవైపు. గ్రామ పాస్టర్ల జీతాలు, బైబిలు స్త్రీల జీతాలు, దళిత క్రైస్తవుల కేసులకు వకీళ్ల ఫీజు రెండో వైపు. రక్షణ పొందినవాళ్ల సంఖ్య ఆ ఏడాదికి వేయకపోయినా ఫరవాలేదు. ఏ పద్దు నుంచి ఏ పద్దుకు మార్చాలో సభ్యులు అడుగుతారు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒంగోలు బాప్టిస్టు వంశావళిలో పుట్టిన ఒక సంఘ సభ్యుడు